పల్లవి లేని పాటలకు 93 మార్కులు ఎందుకు పడ్డాయి? 'మ్యాడ్‌విలనీ' ఆల్బమ్ గురించి ఒక వివరణ

మీ ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. నలుగురు మిత్రులు గాజువాకలో ఒక గది అద్దెకు తీసుకుని తెలుగు ర్యాప్ రికార్డు చేసుకుంటున్నామనీ, వారిలో ఒకరు "ముందు ఇది వినండి" అంటూ మ్యాడ్‌విలన్ జోడీ 2004లో తెచ్చిన 'మ్యాడ్‌విలనీ' ఆల్బమ్‌ను వినిపించారనీ, రెండుసార్లు విన్నా ఒక్క పాటా మనసుకు పట్టలేదనీ, ఏది విన్నా మొదలయ్యేలోపే అయిపోయినట్టుందనీ రాశారు. విమర్శకులు దీనికి వందకు 93 మార్కులు ఎలా వేశారు, అంత గొప్పదైతే జనంలోకి ఎందుకు వెళ్ళలేదు, మేము కూడా పల్లవులు తీసేస్తే మాకూ అలాంటి గుర్తింపు వస్తుందా అన్నవి మీరు అడిగినవి. మూడోదానికి జవాబు ముందే చెప్పేస్తాను: రాదు. ఎందుకు రాదో తెలియాలంటే మొదటి రెండు ప్రశ్నల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి.

నేను విశాఖపట్నంలో చాలాకాలంగా రికార్డింగు, మిక్సింగు పని చేస్తున్నాను. భజన బృందాలు, కాలేజీ పిల్లల కవర్ పాటలు, ఎన్నికలప్పుడు ప్రచార పాటలు, ఈ మధ్య మీలాంటి ర్యాప్ కుర్రాళ్ళు, అన్నీ మా గదిలోంచి వెళ్తుంటాయి. అందువల్ల నా జవాబు సాహిత్య విమర్శకుడు చెప్పేదానిలా ఉండదు. బీట్‌నూ (ర్యాప్ కింద నడిచే వాద్య సంగీతాన్ని) గొంతునూ విడివిడిగా విని, ఆ తర్వాత కలిపే పనిలో ఉన్నవాడికి ఏమి వినపడుతుందో అదే రాస్తాను.

మ్యాడ్‌విలన్ అనేది ఇద్దరు కలిసి పెట్టుకున్న పేరు. బీట్‌లు కట్టినవాడు మ్యాడ్‌లిబ్, అసలు పేరు ఓటిస్ జాక్సన్ జూనియర్, కాలిఫోర్నియాలోని ఆక్స్‌నార్డ్ ఊరివాడు. ర్యాప్ చేసినవాడు ఎంఎఫ్ డూమ్, అసలు పేరు డేనియల్ డూమిలే, 1971లో లండన్‌లో పుట్టి న్యూయార్క్ పక్కనున్న లాంగ్ ఐలాండ్‌లో పెరిగాడు. డూమ్ వెనకటి కథ కొంత తెలియకపోతే ఆ గొంతులో ఉన్న నిబ్బరం ఎక్కడినుంచి వచ్చిందో అర్థం కాదు. 1990ల మొదట్లో అతను తమ్ముడు సబ్‌రాక్‌తో కలిసి కేఎండీ అనే బృందంలో ఉండేవాడు. 1993లో తమ్ముడు కారు ఢీకొని చనిపోయాడు. మరుసటి ఏడాది, విడుదలకు సిద్ధంగా ఉన్న వారి రెండో ఆల్బమ్‌ను ముఖచిత్రం మీద వివాదం రావడంతో ఎలెక్ట్రా కంపెనీ పక్కన పడేసింది. ఆ తర్వాత కొన్నేళ్ళు ఎక్కడున్నాడో సంగీత లోకానికి పట్టలేదు. తిరిగి వచ్చేటప్పటికి మార్వెల్ కామిక్స్‌లోని డాక్టర్ డూమ్ అనే ప్రతినాయకుడి తరహాలో ముఖానికి తొడుగు వేసుకుని వచ్చాడు. 1999లో 'ఆపరేషన్: డూమ్స్‌డే' వెలువడింది, అక్కడినుంచి 2020 అక్టోబర్ 31న మరణించేదాకా (ఆ వార్తను కూడా కుటుంబం డిసెంబర్ 31న గాని బయటపెట్టలేదు) వేదికల మీద ఆ తొడుగుతోనే కనిపించాడు. మన సినిమాల్లో విలన్‌కు పాట దక్కడం అరుదు. ఇతను ఆల్బమ్ మొత్తం విలన్ వైపునుంచే మాట్లాడతాడు.

రికార్డింగ్ జరిగిన తీరు కూడా విమర్శకుల అభిప్రాయం మీద ప్రభావం చూపింది కాబట్టి ఆ సంగతి చెప్పాలి. ఆల్బమ్‌ను తెచ్చిన స్టోన్స్ త్రో లేబుల్‌ను పీనట్ బటర్ వుల్ఫ్ అనే డీజే 1996లో మొదలుపెట్టాడు. లాస్ ఏంజెలెస్‌లో ఒక కొండ మీద లేబుల్ వాళ్ళు ఉంటున్న ఇంట్లో పాతకాలం నాటి బాంబు షెల్టర్ ఒకటి ఉండేది, అదే స్టూడియో. డూమ్‌తో ఒప్పందాన్ని కాగితపు పళ్ళెం మీద రాసుకున్నారన్న ముచ్చట హిప్ హాప్ అభిమానులందరికీ తెలుసు. 2002 నవంబర్‌లో మ్యాడ్‌లిబ్ బ్రెజిల్ వెళ్ళాడు. అక్కడ పాత రికార్డుల దుకాణాలు గాలించి, సావో పాలోలోని హోటల్ గదిలో ఒక చిన్న టర్న్‌టేబుల్, ఒక క్యాసెట్ డెక్, బాస్ కంపెనీవారి ఎస్పీ-303 అనే చేతిపెట్టె లాంటి శాంప్లర్ (రికార్డుల్లోంచి శబ్దం ముక్కలు పట్టి మళ్ళీ వినిపించే యంత్రం), ఈ మూడింటితోనే ఆల్బమ్‌లోని చాలా బీట్‌లు కట్టాడు. మీ దగ్గరున్న ల్యాప్‌టాప్‌తో పోలిస్తే ఆ ఎస్పీ-303 ఎందుకూ కొరగాని యంత్రం. దాని సొంత మెమరీలో ఎక్కువసేపు శబ్దం పట్టదు, తెర మీద శబ్దపు గీత (వేవ్‌ఫారం) కనపడదు, తప్పు చేస్తే వెనక్కి వెళ్ళే సదుపాయం దాదాపు లేదు. కాబట్టి దొరికిన ముక్కను చిన్నదిగా కోసి, చెవితో సరిచూసుకుని, అక్కడితో వదిలేయాల్సిందే. ఆ బీట్‌లలో వినిపించే గరుకుదనం సగం ఆ యంత్రం ఇచ్చిందే.

అదే బ్రెజిల్ ప్రయాణంలో ఇంకా పూర్తికాని డెమో ఎవరిచేతో పడి ఇంటర్నెట్‌లోకి పాకిపోయింది. విడుదలకు 14 నెలల ముందే పాటలు జనం చేతుల్లో ఉన్నాయి. ఇద్దరికీ మనసు విరిగిపోయి వేరే పనుల్లో పడ్డారు: మ్యాడ్‌లిబ్ జే డిల్లా అనే మరో బీట్‌ల నిర్మాతతో కలిసి జేలిబ్ పేరుతో ఒక ఆల్బమ్ చేశాడు, డూమ్ 2003లోనే కింగ్ గిడోరా అనీ విక్టర్ వాన్ అనీ రెండు మారుపేర్లతో రెండు ఆల్బమ్‌లు తెచ్చాడు. తిరిగి మ్యాడ్‌విలనీ దగ్గరికి వచ్చేసరికి డూమ్ కొన్ని పంక్తులు మార్చి, గొంతును మొత్తంగా మళ్ళీ రికార్డు చేశాడు. డెమోలో అతని గొంతు ఎత్తుగా, హుషారుగా ఉంటుంది. అసలు ఆల్బమ్‌లో రెండు మెట్లు దిగి, తొందర లేకుండా, పక్కన కూర్చుని చెబుతున్నట్టు ఉంటుంది. డెమోకు అలవాటుపడిన కొందరు అభిమానులకు ఈ మార్పు మొదట్లో నచ్చలేదు. నా మట్టుకు ఆల్బమ్ నిలబడింది ఈ మార్పు వల్లనే. బీట్‌లు కుదుపుగా, అతుకులు కనపడేలా ఉన్నప్పుడు గొంతు కూడా ఎగిరిపడితే వినేవాడికి పట్టుకోవడానికి ఏమీ మిగలదు. గొంతు కుదురుగా ఉంది కనుకనే బీట్ ఎన్ని మెలికలైనా తిరగగలిగింది.

ఇక ఆదరణ సంగతి. ఆల్బమ్ 2004 మార్చి 23న విడుదలయింది. 22 ట్రాకులు, మొత్తం కలిపి సుమారు 46 నిమిషాలు. అంటే సగటున ఒక్కొక్కటి రెండు నిమిషాల పైచిలుకు. పిచ్‌ఫోర్క్ అనే సంగీత సమీక్షల సైటు పదికి 9.4 ఇచ్చింది. సాధారణంగా ఇలాంటి చిన్న లేబుల్ ర్యాప్ జోలికి పోని న్యూయార్కర్ పత్రిక కూడా దీని గురించి రాసింది. విలేజ్ వాయిస్ పత్రిక అప్పట్లో ఏటా అమెరికా విమర్శకుల ఓట్లు సేకరించి వేసిన జాబితాలో 2004 సంవత్సరానికి 11వ స్థానం వచ్చింది. ఆ ఏడాది మొదటి స్థానం కాన్యే వెస్ట్ తొలి ఆల్బమ్‌ది. మీరు చెప్పిన 93 అన్న అంకె మెటాక్రిటిక్ అనే సైటుది. ఆ అంకెను మన ఇంటర్ మార్కుల్లా చదవకూడదు. వేర్వేరు పత్రికల సమీక్షలను ఆ సైటు వందకు లెక్కగట్టి, కొన్ని పత్రికలకు ఎక్కువ బరువు ఇస్తూ సగటు తీస్తుంది. సమీక్షకుడు అంకె వేయకపోతే రాసిన తీరును బట్టి సైటువాళ్ళే ఒక అంకె వేస్తారు. అన్నిటికంటే ముఖ్యమైన విషయం, ఇలాంటి చిన్న లేబుల్ ఆల్బమ్‌ను సమీక్షకు తీసుకునేవారిలో చాలామంది ఆ తరహా సంగీతం మీద ముందే ఆసక్తి ఉన్నవారు. సంక్రాంతికి వచ్చే పెద్ద సినిమాను ఇష్టం ఉన్నా లేకపోయినా ప్రతి సైటూ సమీక్షించాల్సిందే, అందువల్ల 2.5 ఇచ్చేవారూ 3.5 ఇచ్చేవారూ కలిసి సగటును కిందికి లాగుతారు. ఇక్కడ ఆ ఇబ్బంది లేదు. ఆ మేరకు 93లో కొంత గాలి ఉందని ఒప్పుకోవాలి.

కానీ గాలి తీసేసిన తర్వాత కూడా మిగిలేది తక్కువేమీ కాదు. మంచి సమీక్షకులు ఏమి విన్నారో తెలుసుకోవడానికి 'అకార్డియన్' అనే ట్రాక్‌ను తీసుకోండి. నిడివి రెండు నిమిషాలకు లోపే. మ్యాడ్‌లిబ్ డేడలస్ అనే మరో సంగీతకారుడి ట్రాక్ నుంచి అకార్డియన్ (హార్మోనియంలా తిత్తి గాలితో మోగే వాద్యం) ముక్క ఒకటి తీసుకుని తిప్పాడు. హార్మోనియం వాయించే చోట కూర్చున్నవారికి తెలుస్తుంది, తిత్తిలో గాలి నిండేటప్పుడు స్వరం కొద్దిగా ఉబ్బి, గాలి తగ్గేటప్పుడు నీరసపడుతుంది. ఆ ఊపిరి ఈ లూప్‌లో (తిరిగి తిరిగి వచ్చే ముక్కలో) అలాగే ఉంది, దాన్ని ఎవరూ చదును చేయలేదు. కింద డ్రమ్ పలచగా, బాస్ నామమాత్రంగా ఉంటాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గొంతును మాత్రమే అనుసరించండి. డూమ్ బీట్ మీద కూర్చోడు, దానికి వెంట్రుకవాసి వెనకగా నడుస్తాడు. వాక్యం ఎక్కడ పూర్తి కావాలని మన చెవి ఎదురుచూస్తుందో అక్కడ పూర్తి చేయకుండా తర్వాతి గుక్కలోకి జారవిడుస్తాడు, తీరా అక్కడ ఇంకో ప్రాస తగులుతుంది. ఒకే చరణం, మధ్యలో ఎవరూ అడ్డురారు, చెప్పాల్సింది అయిపోగానే ట్రాక్ ఆగిపోతుంది. మీకు "మొదలయ్యేలోపే అయిపోయింది" అనిపించింది ఇక్కడే, విమర్శకులు పొగిడిందీ ఇక్కడే.

మన చెవి ఎందుకు ఒప్పుకోదంటే, మనం పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ పాటంటే పల్లవి, రెండు చరణాలు, మధ్యలో వాద్యాల వరస అని విన్నాం. సినిమాలో ర్యాప్ వచ్చినా అది చరణానికి ముందో తర్వాతో ఎనిమిది పంక్తులు అతికించే వ్యవహారమే. పల్లవి అంటే శ్రోత ఎక్కడానికి బస్సు ఆగే స్టాపు. మద్దిలపాలెంలో అందుకోలేకపోయినవాడు కాంప్లెక్స్ దగ్గర ఎక్కుతాడు. మ్యాడ్‌విలనీలో ఆ ఆగడం దాదాపు లేదు. కాబట్టి డ్రైవర్ మీద గట్టి నమ్మకం ఉంటే తప్ప ఆ ప్రయాణం సాగదు, ఆ నమ్మకాన్ని డూమ్ ప్రాసలతో సంపాదించాడు.

ప్రాస గురించి ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఆంగ్ల సమీక్షల్లో అందరూ ఎత్తిచూపినది ఇదే, మీకు పనికివచ్చేదీ ఇదే. మన కుర్రాళ్ళ ర్యాప్‌లో ఎక్కువగా వినిపించేది పంక్తి చివర ఒక్క అక్షరం కలిపే అంత్యప్రాస. "వైజాగ్ నా ఊరు, తగ్గేది లేదు జోరు, ఎదురుగా ఎవరు, చూపిస్తా నా తీరు" అని నేనే ఇప్పుడు అరనిమిషంలో అల్లాను. ఇందులో "రు" తప్ప ఏమీ లేదు, పైగా రెండో పంక్తి వినగానే నాలుగో పంక్తి ఎక్కడికి వస్తుందో తెలిసిపోతుంది. దీని పక్కన ఈ రెండు పంక్తులు పెట్టి చూడండి: "లంగరెత్తిన ఓడలా సాగితే బెంగ తీరునా? సింగపూరుకి పోదునా, గంగవరంలో ఆగునా?" ఇదీ నేను కట్టినదే, కవిత్వంగా దీని విలువ పెద్దగా లేదు, కానీ అల్లిక చూడండి. లంగ, బెంగ, సింగ, గంగ అని సున్నాతో కూడిన గకారం నాలుగు చోట్ల పడింది, తీరునా, పోదునా, ఆగునా అన్నది వేరే గొలుసుగా నడిచింది. ఒక గొలుసు పంక్తి మొదట్లోనూ మధ్యలోనూ ఉంది, ఇంకొకటి చివర ఉంది. డూమ్ చేసేది ఇలాంటి గొలుసులు రెండు మూడు ఒకేసారి నడపడం. రెండు మూడు అక్షరాల పొడవు ప్రాసలను పంక్తిలో ఎక్కడపడితే అక్కడ పెట్టి, ఒక గొలుసు తెగకముందే మరొకటి అందుకుంటాడు. ఆ పని చేస్తూ కూడా మాట సహజంగా, కొంచెం బద్ధకంగా, ఒక్కోచోట నవ్వు పుట్టించేలా ఉంటుంది.

తెలుగువాడికి ఇది కొత్త విద్యేమీ కాదు. మన పద్యంలో ప్రాస పంక్తి చివర కాదు, మొదటి భాగంలోనే రెండో అక్షరం దగ్గర పడుతుంది. సున్నా తర్వాత వచ్చే అక్షరానికి ప్రాస వేస్తే నాలుగు పాదాల్లోనూ సున్నా ఉండి తీరాలి. పంక్తి మధ్యలో యతి ఉంటుంది. అంటే చెవికి తగిలే చోట్లు పంక్తి పొడుగునా పరిచి ఉంచిన సంప్రదాయం మనది, అది సినిమా పాటలోకి వచ్చేసరికి చివరి అక్షరానికి కుదించుకుపోయింది. ఉత్తరాంధ్ర జముకుల కథ ఎప్పుడైనా దగ్గర కూర్చుని విన్నారా? కథకుడు జముకు తీగ మోగే తాళానికి మాటను అటూ ఇటూ జరుపుతూ, వచనంలోంచి పాటలోకీ పాటలోంచి వచనంలోకీ ఎప్పుడు మారాడో తెలియకుండా మారుతుంటాడు. డూమ్ వెనకగా నడిచే నడక అర్థం కావడానికి న్యూయార్క్ దాకా వెళ్ళనక్కరలేదు.

ప్రాసలతో సమానంగా సమీక్షకులను పట్టేసినది బీట్‌ల మూలాల వైవిధ్యం. 'రెయిడ్' ట్రాక్ మొదట్లో వినిపించే పియానో జాజ్ విద్వాంసుడు బిల్ ఎవాన్స్‌ది. 'షాడోస్ ఆఫ్ టుమారో'లో సన్ రా అనే జాజ్ గురువు మాటలు వినిపిస్తాయి. దాని కింద తిరిగే సంగీతం మన ఆర్.డి. బర్మన్ హిందీ పాటది. మొదటిసారి వింటే మన చెవి ఉలిక్కిపడే చోటు అది. మ్యాడ్‌లిబ్‌కు ఈ పిచ్చి అక్కడితో పోలేదు, 2007లో భారతీయ సినిమా సంగీతపు ముక్కలతోనే 'బీట్ కండక్టా ఇన్ ఇండియా' అని పూర్తి ఆల్బమ్ కట్టాడు. 'ఫ్యాన్సీ క్లౌన్' ట్రాక్ ఇంకో రకం చమత్కారం. అందులో డూమ్ తన మరో పాత్ర విక్టర్ వాన్ గొంతుతో, తన ప్రియురాలు ముసుగు వేసుకున్న మరొకడితో తిరుగుతోందని వాపోతాడు. ఆ ముసుగువాడు డూమే. తనను తానే తిట్టుకునే ఈ కథ ఒక నవ్వులాటగా మొదలై, చివరికి నిజంగానే దిగులు పుట్టిస్తుంది. విమర్శకులకు ఇలాంటివి ఇష్టం, ఎందుకంటే రాయడానికి వాళ్ళకు సరుకు దొరుకుతుంది. ఇది వెటకారం కాదు. ఒకసారి విని వదిలేసే ఆల్బమ్ మీద పదిసార్లు రాయలేరు, దీని మీద మాత్రం ఇప్పటికీ రాస్తూనే ఉన్నారు.

ఇప్పుడు రెండో ప్రశ్న. అమెరికాలో ఆల్బమ్‌ల ఆదరణను వారం వారం లెక్కగట్టే బిల్‌బోర్డ్ 200 పట్టికలో ఈ ఆల్బమ్ చేరుకున్న అత్యున్నత స్థానం 179. మొత్తం అమ్మకాలు సుమారు లక్షన్నర ప్రతులు. పెద్ద కంపెనీ లెక్కలో ఇది ఓటమి, స్టోన్స్ త్రో లెక్కలో తాము తెచ్చినవాటిలో బాగా అమ్ముడైన ఆల్బమ్‌లలో ఒకటి. టీవీ ప్రచారం లేకుండా, రేడియోలో వేయదగిన పల్లవి లేకుండా, అప్పటికే డెమో ఉచితంగా తిరుగుతుండగా వచ్చిన అంకె అది. "జనంలోకి వెళ్ళలేదు" అన్న మీ మాట మొదటి ఏడాదికే వర్తిస్తుంది. ఆ తర్వాత అది వెళ్ళిన దారి వేరు: ముందు ర్యాప్ చేసేవాళ్ళ చేతుల్లోకి, వాళ్ళ ద్వారా వాళ్ళ శ్రోతల్లోకి. తర్వాతి తరంలో ఎర్ల్ స్వెట్‌షర్ట్ లాంటి ర్యాపర్ల పాటలు విన్నవారికి డూమ్ ఛాయ వెంటనే తెలుస్తుంది. రోలింగ్ స్టోన్ పత్రిక 2020లో వేసిన 500 గొప్ప ఆల్బమ్‌ల జాబితాలో దీనికి 365వ స్థానం దక్కింది. అంటే విడుదలైన వారం వచ్చిన ప్రశంస 16 ఏళ్ళ తర్వాత కూడా నిలబడింది, అన్ని రకాల సంగీతాల మధ్య పోటీలో నిలబడింది. నేను 93 కంటే ఈ 365కే ఎక్కువ విలువ ఇస్తాను.

ఈ ఊరివాళ్ళం కాబట్టి ఒక మాట అనుకోవచ్చు. శ్రీశ్రీ 1910లో ఇక్కడే పుట్టాడు. 'మహాప్రస్థానం' గీతాలు 1930ల నుంచే పత్రికల్లోనూ నోటిమాటగానూ తిరుగుతున్నా పుస్తకంగా వచ్చింది 1950లో. దానికి చలం రాసిన ముందుమాట 'యోగ్యతా పత్రం' తెలుగులో విమర్శ ఎలా ఉండవచ్చో చూపించింది. శ్రీశ్రీ కవిత్వం, నల్లజాతి అమెరికన్ గాయకుడు పాల్ రాబ్సన్ సంగీతం ఒకటే రకం అన్న మాట అందులో ఉంది. చలం తూకం వేయడు, ఆ గీతాలు వింటే మనిషికి ఏమవుతుందో చెబుతాడు. మ్యాడ్‌విలనీ మీద వచ్చిన సమీక్షల్లో నాకు నచ్చినవీ ఇలాంటివే, అంకె కాకుండా చెవికి ఏమి జరిగిందో చెప్పినవి. తెలుగులో ఇప్పుడు పాటల సమీక్ష అంటే సినిమా ఆడియో మీద నాలుగు వాక్యాలు, ఒక రేటింగు. మీ పనికి ఇక్కడ వెంటనే అలాంటి సమీక్షకుడు దొరకడం కష్టం, అందుకే మీ మొదటి విమర్శకులు మీ నలుగురూ కావాలి.

ఆల్బమ్ మీద నాకు ఫిర్యాదులు లేకపోలేదు. మధ్యలో వచ్చే మాటలు లేని చిన్న ముక్కల్లో ఒకటి రెండు కేవలం అతుకు కోసం పెట్టినట్టు ఉంటాయి. గంజాయి మీద సాగే ట్రాక్ హాస్యంగా మొదలై చాలాసేపు అక్కడక్కడే తిరుగుతుంది, దాన్ని సగానికి కోసి ఉంటే బాగుండేది. అతిథులుగా వచ్చిన ర్యాపర్లు డూమ్ పక్కన నిలబడినప్పుడు తేలిపోతారు. ఆల్బమ్‌కు పవిత్ర గ్రంథం హోదా వచ్చేశాక ఇలాంటి మాటలు ఎవరూ అనడం లేదు, అది కూడా ఆదరణలో ఒక రోగమే. మీకు నచ్చకపోతే నచ్చలేదని చెప్పడానికి సిగ్గుపడనక్కరలేదు. కాకపోతే ఫోను స్పీకర్ మీద, బీచ్ రోడ్డు హోరులో విని తీర్పు చెప్పకండి. 'అకార్డియన్', 'రెయిడ్', 'ఫ్యాన్సీ క్లౌన్', 'ఆల్ క్యాప్స్' ఈ నాలుగూ ఆంగ్ల సాహిత్యం ఎదురుగా పెట్టుకుని ఒకటికి రెండుసార్లు విని, ఆ తర్వాత మొత్తం ఆల్బమ్‌ను వరుసలో వినండి, ట్రాకులు కలగాపులగంగా వచ్చే షఫుల్‌లో వద్దు. కామిక్ పుస్తకంలో పేజీలు తిప్పినట్టు ఒక ముక్క ఇంకో ముక్కలోకి పోయేలా పేర్చిన ఆల్బమ్ అది.

చివరగా మీ పాటల సంగతి. మీరు పంపిన సాహిత్యంలో స్టీల్ ప్లాంట్ బి షిఫ్టు మీద రాసిన పాట అన్నిటికంటే బాగుంది. దానికి పల్లవి ఉంచండి, ఎందుకంటే ఆ పల్లవిలోని సైరన్ మోత పాటకు ప్రాణం. అది నాలుగుసార్లు రానవసరం లేదు, రెండుసార్లు చాలు, రెండోసారి సగంలో తెంపేసినా నష్టం లేదు. డూమ్ పల్లవి తీసేసింది చరణంలో అంత సరుకు ఉన్నందువల్ల. మీ మిగతా మూడు పాటల్లో చరణాలు ఇంకా చివరి అక్షరం ప్రాస మీదే బతుకుతున్నాయి, వాటిలోంచి పల్లవి తీసేస్తే మిగిలేది చప్పిడి మాటలే. ముందు ఆ చరణాలను మళ్ళీ రాయండి. రాసింది బీట్ లేకుండా ఒకరి ఎదుట మామూలు మాటలా చదవండి, ఎక్కడ ఊపిరి అందడం లేదో, ఎక్కడ ప్రాస కోసం మాటను వంకరగా వాడారో అక్కడే తెలిసిపోతుంది. రికార్డు చేసేటప్పుడు అరవకండి. మైకుకు జానెడు దూరంలో, ఎదుటి మనిషికి చెప్పే గొంతుతో ఒక టేక్ తీసి, మీ పాత టేక్ పక్కన పెట్టి వినండి.

పాత తెలుగు సినిమా పాటల ముక్కలు కోసి బీట్‌లు కడుతున్నామని రాశారు, అది మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. మన చట్టం ప్రకారం రికార్డింగ్ మీద హక్కు ప్రచురణ తర్వాత 60 ఏళ్ళు ఉంటుంది. పాట రాసినవారి, బాణీ కట్టినవారి హక్కు వారు పోయిన తర్వాత మరో 60 ఏళ్ళు ఉంటుంది. రెండూ వేర్వేరు హక్కులు కాబట్టి, రికార్డింగ్ పాతబడినంత మాత్రాన పాట స్వేచ్ఛ కాదు. ముక్క రెండు సెకన్లే కదా అన్న వాదన యూట్యూబ్ యంత్రం ముందు చెల్లదు, అది పోల్చుకుని వీడియోను ఆపేయనూ వచ్చు, దాని మీద వచ్చే డబ్బు హక్కుదారుకు మళ్ళించనూ వచ్చు. అనుమతి అడగండి, లేదా మీలో తబలా వాయించే మిత్రుడున్నాడన్నారు కదా, అతని చేత వాయించి, ఆ రికార్డింగ్‌ను మీరే కోసుకోండి. అతనితో పంపకం ఎంతో మాత్రం మొదటిరోజే కాగితం మీద రాసుకోండి.